బిస్మిల్లా కింది అక్షరాలు

కాలిపోయిన కొట్టులో కూర్చుని, మసిలోంచి పనికొచ్చే ఇనుప ముక్కలు ఏరుకుంటున్న ఆడమనిషి దగ్గరికి వచ్చి, "ఇస్లామిక్ బీమా గురించి మీకు అవగాహన ఉందా?" అని అడిగేవాళ్లను ఏం చేయాలి? చేతిలో ఉన్న ఇనుప ముక్కే విసిరేయాలనిపించింది జమాల్‌బీకి. అడిగింది పాతికేళ్లు కూడా లేని పిల్ల కాబట్టి ఆగింది. తలమీది దుపట్టా జారకుండా పిన్ను పెట్టుకుని, చేతిలో పలకంత ఫోను పట్టుకుని, బిట్రగుంట రైలుగేటు పక్కన మిట్టమధ్యాహ్నపు ఎండలో నిలబడి ఉంది ఆ పిల్ల.

"ఏం పేరు పాపా నీది?"

"షమా, ఆంటీ. నెల్లూరి నించి వచ్చినా. యూనివర్సిటీలో రీసెర్చి చేస్తుండా. మనోళ్లలో బీమా గురించి ఎంతమందికి తెలుసు, ఎంతమందికి కావాలా అని సర్వే. పది నిమిషాలు చాలు."

"ఇదంతా చూసే అడుగుతుండావా, చూడకుండా అడుగుతుండావా?"

షమా అప్పుడు చూసింది. పైన రేకులు వంకర్లు తిరిగి ఉన్నాయి. గోడలు నల్లగా ఉన్నాయి. మధ్యలో ఒక మెషీను అస్థిపంజరం మిగిలింది. పదిరోజులైనా కాలిన దూది వాసన పోలేదు.

"సారీ ఆంటీ. లిస్టులో మీ ఇంటి నంబరు ఉండాది. ఇంకోరోజు వస్తాలే."

"వద్దు. అడిగినావు కదా, చెప్పించుకునే పో. ఏందది, మళ్లీ చదువు."

షమా బెదురుగా చదివింది. "ఇస్లామిక్ బీమా గురించి మీకు తెలుసా? తెలుసు, తెలియదు, కొంతవరకు తెలుసు. మూడిట్లో ఒకటి చెప్పాల ఆంటీ."

జమాల్‌బీ నవ్వింది. ఆ నవ్వుకు కొట్టు వెనక ఇంట్లోంచి ఆమె భర్త పీర్ సాహెబ్, కట్లు కట్టిన రెండు చేతులూ గాల్లో పెట్టుకుని, గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు.

"నాలుగోది లేదా పాపా? తెలుసనుకుని మునిగినాం అని?"

పీర్ సాహెబ్‌ది దూదేకుల ఇల్లు. తాత, తండ్రి విల్లు భుజాన వేసుకుని ఊరూరా తిరిగి, గడపగడపకీ పాత పరుపులు విప్పి దూది ఏకినవాళ్లు. పీర్ సాహెబ్ కాలానికి విల్లు అటకెక్కింది. రైలుగేటు పక్కన రేకుల కొట్టు వేసి, కరెంటు మెషీను బిగించాడు. ఇనుప పళ్లున్న రోలర్ల మధ్య గడ్డకట్టిన పాత దూది పోస్తే, అవతల కొత్తదానిలా పొంగి వచ్చేది. మెషీను అతనిది, కుట్టు జమాల్‌బీది. రైల్వే కాలనీ పరుపులు, కావలి హాస్టళ్ల దిండ్లు, సముద్రంలో చేపల వేట నిషేధం రోజుల్లో జువ్వలదిన్నెలో జరిగే పెళ్లిళ్ల పరుపులు, అన్నీ ఆ కొట్టులోంచే పోయేవి.

జమాల్‌బీకి ఇంకో పని కూడా ఉండేది. రైల్వే స్కూల్లో పదో తరగతి దాకా చదివిన మనిషి, ఆ వీధి మొత్తానికీ చదువరి. రేషనాఫీసు నోటీసు వచ్చినా, కోర్టు కాగితం వచ్చినా, ఆసుపత్రి చీటీ వచ్చినా ఆమె గుమ్మం ఎక్కాల్సిందే. ఎక్కినవాడికి ముందు నాలుగు చివాట్లు పెట్టి, తర్వాత చదివి పెట్టేది. "చదవకుండా ఎందుకు వేలు ముద్ర వేసినావు రా?" అని ఎంతమందిని తిట్టిందో లెక్కలేదు. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి. దాంతోనే ఆమె కోపమంతా.

ఒక్క మసీదులో మాత్రం ఆ ఇంటివాళ్ల నోరు లేచేది కాదు. మిగతావాళ్లలా ఉర్దూ కాదు, వాళ్ల ఇంట్లో మాట్లాడేది తెలుగు. ఖురాన్ సూరాలు కూడా తెలుగు లిపిలో అచ్చువేసిన పుస్తకం చూసి నేర్చుకున్నవే. పదేళ్ల కిందట మసీదులో ఏదో మీటింగులో పీర్ సాహెబ్ లేచి ఉర్దూలో రెండు ముక్కలు చెప్పబోయి తడబడితే, కమిటీ పెద్ద, అందరూ సదర్ సాబ్ అని పిలిచే ఆయన, "దూదేకులోళ్లు కదా, కూర్చోబెట్టండి" అని నవ్వాడు. ఆయనతో పాటు నలుగురు నవ్వారు. మొగుడు ఇంటికొచ్చి అది చెప్పినప్పటినుంచీ, తామూ ఎవరికీ తక్కువ కాని ముసల్మానులమని చూపించుకోవాలన్న బాధ జమాల్‌బీని వదల్లేదు. ఎక్కువ నమాజులు చదివింది. ఎక్కువ ఉపవాసాలుంది. ఎక్కువ భయపడింది.

నాలుగేళ్ల కిందట జీవానందం వచ్చాడు. రైల్వే కాలనీలో ఉంటాడు, బీమా ఏజెంటు, చర్చిలో పెద్ద. అతని పిల్లల పరుపులు కూడా ఈ కొట్టులో కుట్టినవే. కొట్టులో నిలబడి నాలుగు పక్కలా చూసి, "అక్కా, దూది కొట్టు ఇది. ఒక్క నిప్పురవ్వ చాలు. పాలసీ చేసుకోండి, సంవత్సరానికి రెండు పరుపులు కుట్టిన కూలి అవతాది, అంతే" అన్నాడు. మాట నచ్చింది జమాల్‌బీకి. పెన్ను కూడా పట్టుకుంది. మనసొప్పక, మొగుణ్ణి మసీదుకు పంపించి సదర్ సాబ్‌ను అడిగించింది.

"అందులో వడ్డీ ఉండాది, జూదం ఉండాది. హరామ్. చేసుకుంటే చేసుకోండి, మీ వాళ్లకి ఇయ్యన్నీ యాడ తెలుస్తాయిలే" అన్నాడాయన.

ఆ చివరి మాటతో పెన్ను కింద పడింది. జీవానందానికి వద్దని చెప్పినప్పుడు అతను మొహం మాడ్చుకోలేదు. "మీ నమ్మకం మీది అక్కా, నేనేం అనను. రేపు ఎవరు ఏ కాయితం తెచ్చినా కింద నించి చదవండి. పైన అందరూ మంచిమాటలే రాస్తారు" అని, టీ తాగి వెళ్లిపోయాడు.

వెళ్లిపోయాక ఆమెకు నిద్ర ఉంటేనా! మెషీను తిరుగుతున్నంతసేపూ రవ్వ గురించే ఆలోచన. ఉన్నవి రెండే దారులు. కొట్టును కాపాడుకుని దేవుడికి దూరం కావాలి, లేదంటే దేవుడి దగ్గరుండి నిప్పుకు భయపడుతూ బతకాలి. తమలాంటి వాళ్లకు పనికొచ్చే మూడో దారి ఎవరైనా వేస్తే బాగుండునని ఎన్ని శుక్రవారాలు దువా చేసిందో ఆమెకే తెలుసు.

ఆ దువా ఎవరు విన్నారో కానీ, అర్మాన్ మాత్రం విన్నాడు. మూడు నెలల తర్వాత ఒక శుక్రవారం, తెల్ల లాల్చీ, అత్తరు వాసన, ఇటు తెలుగు అటు ఉర్దూ గడగడా మాట్లాడే నోరు వేసుకుని మసీదు ముందు బల్ల వేశాడు. "అమానత్ భరోసా" అని దాని పేరు. వడ్డీ లేదు, జూదం లేదు, అందరూ తలా కొంచెం వేసుకుంటారు, ఒకరికి కష్టం వస్తే అందరిదీ కలిసి వాళ్లకు పోతుంది. సదర్ సాబ్ పక్కన నిలబడి, "ఇది మన సొంతం, కళ్లు మూసుకుని చేరండి" అన్నాడు. అందరూ ఆయన చెప్పినట్టే కళ్లు మూసుకున్నారు.

మందపాటి కాగితం. చుట్టూ ఆకుపచ్చ అంచు. పైన బంగారు రంగులో బిస్మిల్లా. పీర్ సాహెబ్ ఇంటికి తెచ్చి రెండు చేతులతో ఇచ్చి, "చదువు మే, ఏం రాసినారో" అన్నాడు.

"బిస్మిల్లా రాసుండాది. ఇంకేం చదవాల?" అంది జమాల్‌బీ.

వీధిలో అందరికీ కాగితాలు చదివిపెట్టే మనిషి అన్న మాట అది. చేతులూ మొహమూ కాళ్లూ కడుక్కుని వజూ చేసుకుని వచ్చి, ఆ కాగితాన్ని కళ్లకద్దుకుని, ఖురాన్ చుట్టిన ఆకుపచ్చ గుడ్డలో పెట్టి, పై అరలో దాచింది. దాని కింద ఏముందో చూడాలంటే గుడ్డ విప్పాలి, వజూ ఉండాలి, అన్నిటికీ మించి అనుమానం ఉండాలి. దేవుడి పేరు మీద అనుమానమా! మూడున్నరేళ్లు, ప్రతి శుక్రవారం, ఒక్క వారం తప్పకుండా కట్టారు. ఒంట్లో బాగాలేని వారం కూడా ఎదురింటి వాళ్లతో పంపించి కట్టారు.

పదిరోజుల కిందట జువ్వలదిన్నె నుంచి చిన్నపోలయ్య ఆటోలో మూడు పాత పరుపులు తెచ్చాడు. కూతురి పెళ్లికి కొత్తవి చేయించాలి. అతనిది వేటకు పోయే ఇల్లు. వలలు, గాలాలు, మంచాలు, మనుషులు అన్నీ ఒకే గదిలో ఉంటాయి. పరుపు చింపి దూది మెషీన్లో పోశారు. ఆ దూదిలో ఎప్పుడో గుచ్చుకుని ఉండిపోయిన గాలం ఒకటి ఉంది. ఇనుప పళ్లకు తగిలింది. చిన్న రవ్వ లేచింది. జీవానందం చెప్పినంత రవ్వే. ఏకు మేకై కూర్చోవడం అంటే వినడమే, ఆరోజు కళ్లతో చూశారు.

దూది మంట ఆర్పే మంట కాదు. నీళ్ల బిందె తెచ్చేలోపు మంట రేకుల దాకా లేచింది. పీర్ సాహెబ్ మెషీను బెల్టు పట్టి లాగబోయి రెండు అరచేతులూ కాల్చుకున్నాడు. పెళ్లిళ్ల కోసం కుట్టి పెట్టిన పదకొండు పరుపులు, దూది మూటలు, కుట్టు సామాను, అన్నీ అరగంటలో అయిపోయాయి. చిన్నపోలయ్య రోడ్డు మీద కూలబడి, "నా గాలమే అక్కా, నా గాలమే" అని గుండెలు బాదుకున్నాడు. అతని మీద కోపం రాలేదు జమాల్‌బీకి. గాలం వేటగాడి ఇంట్లో కాక ఇంకెక్కడ ఉంటుంది?

రెండోరోజు జీవానందం కాలిన చేతులకు మందు పట్టుకుని వచ్చాడు. "నేను చెప్పలేదా" అంటాడేమోనని ఆమె పళ్లు బిగబట్టుకుని కూర్చుంది. అతను అనలేదు. అని ఉంటే తిట్టి పంపించేది, మనసు తేలికయ్యేది. అనకపోయేసరికి ఒళ్లు మండింది.

డాక్టరు మూడు నెలలు చేతులు వాడొద్దన్నాడు. పెళ్లిళ్ల రోజులు దాటితే ఏడాదంతా కూర్చోవాల్సిందే. మళ్లీ మెషీను పడాలి. ఆ మెషీను పడాలంటే పై అరలో ఉన్న కాగితమే దిక్కు. అందుకే మంట ఆరకముందే అర్మాన్‌కు ఫోను చేసింది. మొదటిసారి, "సబర్ చేయండి ఆపా, ఓర్చుకోండి, అల్లా పరీక్ష" అన్నాడు. అయిదోరోజు, "కౌన్సిలు కూర్చోవాలి" అన్నాడు. ఈరోజు పొద్దున మూడోసారి చేస్తే అసలు మాట చెప్పాడు. "కౌన్సిలు చూసింది ఆపా. ఈ ఏడాది మీకు కుదరదంట. మీరు కాగితం చదువుకోలేదా? అంతా తెలుగులోనే ఉంది కదా. మీరు చదువుకున్నోళ్లేనంట కదా!"

మొగుడు కొట్టినందుకు కాదు, తోడికోడలు నవ్వినందుకు ఏడ్చిందట వెనకటికి ఒకామె. జమాల్‌బీ ఏడవలేదు. పొద్దున్నుంచీ మసిలో కూర్చుని ఇనుప ముక్కలు ఏరుతోంది. గుడ్డ విప్పి ఆ కాగితం చదవడానికి భయం. ఏముంటుందో తెలియక కాదు, తెలిసిపోయింది కాబట్టి.

ఇదిగో, అప్పుడొచ్చింది షమా, అవగాహన ఉందా అంటూ.

కథంతా విని ఆ పిల్ల ఫోను సంచిలో పెట్టేసింది. "ఆ కాయితం ఒకసారి చూడొచ్చా ఆంటీ?" అంది.

జమాల్‌బీ లేచింది. పంపు దగ్గర మసి కడుక్కుంది. కడుక్కుని, అలవాటు కొద్దీ వజూ కూడా చేసింది. చేస్తున్నంతసేపూ తనమీద తనకే అసహ్యం వేసింది. గుడ్డ విప్పి కాగితం తెచ్చింది. షమా చెయ్యి చాస్తే ఇవ్వలేదు. "నేనే చదువుతా" అంది. జీవానందం చెప్పినట్టు కింద నుంచి మొదలుపెట్టింది.

"వసూలైన మొత్తములో సగభాగము నిర్వహణ ఖర్చులకు వినియోగింపబడును. సహాయము ఇచ్చుట, ఇవ్వకుండుట నిర్వాహకుల ఇష్టము. సభ్యుడు చెల్లించు ప్రతి మొత్తము సంపూర్ణ దానముగా పరిగణింపబడును. దానమును తిరిగి కోరు హక్కు సభ్యునికి గాని, వారసులకు గాని లేదు. ఇది బీమా ఒప్పందము కాదు."

దానిపైన ఆకుపచ్చ గీత. గీత పైన బిస్మిల్లా.

గుమ్మంలో పీర్ సాహెబ్ అన్నాడు, "చిన్న అక్షరాలా?"

"చిన్నవి కాదయ్యా. రేషన్ కార్డు మీద ఉండేటంత ఉండాయి. కళ్లజోడు కూడా అక్కర్లా."

షమా మెల్లగా చెప్పింది. "అసలు పద్ధతిలో కూడా దానం అనే మాట ఉంటాది ఆంటీ. ఒకరికొకరు దానంగా వేసుకుంటారు. కానీ కష్టమొస్తే ఇచ్చి తీరాలని కూడా రాసుకుంటారు. పైన లెక్క అడిగేవాళ్లుంటారు. బయట కొన్ని దేశాల్లో బాగా నడస్తుండాది. వీళ్లు అందులో తమకు పనికొచ్చే సగమే తీసుకున్నారు. మన దేశంలో అట్టాంటి కంపెనీ పెట్టడానికి ఇంకా అనుమతే లేదు."

"లేదా?"

"లేదు."

"మరి లేనిదాన్ని గురించి నాకు తెలుసా అని సర్వే చేస్తుండావా?"

షమా తల దించుకుంది.

"బాగుండాది తల్లీ. ఆకలుందా అని అడగను మీరొస్తారు. వండి పెట్టేవాడు ఒక్కడూ రాడు. కల్తీ అన్నం అమ్మేవాడు మాత్రం శుక్రవారం తప్పకుండా వస్తాడు." గొంతు పైకి లేచింది. రైలుగేటు దగ్గర ఆగిన మోటారుసైకిళ్లవాళ్లు ఇటు తిరిగి చూశారు. "తప్పు నీది కాదులే. నాది. నేను పదో తరగతి చదివినా. తెలుగులో అరవై ఎనిమిది మార్కులు. ఊరందరి కాయితాలూ చదివినా, ఇది చదవలా. ఎందుకో తెలుసా? భక్తి అనుకుంటుండావా? భక్తి కాదు, సిగ్గు. చదివితే, దూదేకులది చూడండి, అల్లా పేరున్న కాయితాన్ని కూడా నమ్మదు అంటారని. వాళ్లు నవ్వుతారని నా కొట్టు తగలబెట్టుకున్నా!"

కాలిపోయింది పీర్ సాహెబ్ చేతులు. ఆకులు పట్టుకోవడానికి కూడా చేతులు మిగల్లేదు ఆ ఇంట్లో.

మరునాడు శుక్రవారం. జుమా నమాజు వేళకు జమాల్‌బీ బురఖా వేసుకుంది. కాగితం తీసుకుంది. పరుపు గుడ్డ కోసే పెద్ద కత్తెర తీసుకుంది. ఇంట్లో ఉన్నందుకు కాలకుండా మిగిలింది అది.

"వద్దు మే" అన్నాడు పీర్ సాహెబ్. "నలుగుర్లో నవ్వులపాలవుతాం."

"పదేళ్ల కిందటే అయినాం. ఇంకా ఏం మిగిలుండాదని దాచుకునేది?"

అతను కట్ల చేతులతో టోపీ పెట్టుకోలేక, ఆమెతోనే పెట్టించుకుని వెంట నడిచాడు.

నమాజు అయింది. మసీదు గేటు లోపల బల్ల వేసి ఉంది. బల్ల వెనక అర్మాన్. బల్ల మీద కొత్త కాగితాల దొంతర, ఆకుపచ్చ అంచులు, బంగారు బిస్మిల్లాలు. పక్కన సదర్ సాబ్ కుర్చీ. కొట్టు కాలిన సంగతి ఊరంతా తెలుసు కదా, ఆ భయంతో ఆ వారం చేరేవాళ్లు మరీ ఎక్కువయ్యారు. ఆమె కొట్టు తగలబడితే వాడికి గిరాకీ పెరిగింది. చూడగానే జమాల్‌బీకి కళ్లు ఎర్రబడ్డాయి.

"ఏమ్మా, ఆడోళ్లు ఇక్కడికి రాకూడదు" అన్నాడు సదర్ సాబ్.

"రావడంలా సదర్ సాబ్. గేటు బయటే ఉండా. ఈ రోడ్డు పంచాయతీది."

అని, కాగితం విప్పి చదవడం మొదలుపెట్టింది. రేషనాఫీసు నోటీసు చదివినట్టే, అక్షరం అక్షరం విడదీసి, వెనక నిలబడినవాడికి కూడా వినబడేలా చదివింది. సంపూర్ణ దానము. తిరిగి కోరు హక్కు లేదు. నిర్వాహకుల ఇష్టము. బీమా ఒప్పందము కాదు. వరసలో పెన్నులు పట్టుకున్నవాళ్లు పట్టుకున్నట్టే ఉండిపోయారు.

అర్మాన్ లేచి, చిరునవ్వు చెదరకుండా అన్నాడు. "ఆపా, కష్టంలో ఉన్నారు, మీ బాధ నాకు తెలుసు. మీరిచ్చింది ఎక్కడికీ పోలా. అల్లా దారిలో దానంగా పోయింది. దానికి రేపు పైలోకంలో పదింతలు దొరుకుతుంది."

"దానం చేయాలంటే మధ్యలో నువ్వెందుకు రా?" జమాల్‌బీ గొంతు చీలింది. "మా అమ్మ పొయ్యి ముందు కూర్చున్నప్పుడల్లా ఒక పిడికెడు బియ్యం పక్క కుండలో వేసేది. వీధిలో ప్రతి ఇంట్లో అట్టాంటి కుండ ఒకటుండేది. ఎవరింట్లో చావొచ్చినా, జబ్బొచ్చినా ఆ కుండలన్నీ ఆ ఇంటికి పోయేవి. ఆ కుండ మీద ఏం రాసిలేదు. బంగారు అక్షరాలు లేవు, కౌన్సిలు లేదు. అయినా ఒక్కనాడు కూడా, ఇయ్యడం మా ఇష్టం అనలేదు ఎవరూ! పైలోకం సంగతి నువ్వు చెప్తే వినాల్నా నేను? నువ్వు చెప్పింది నిప్పు సంగతి. నిప్పు పడితే ఆదుకుంటానన్నావు. నిప్పు పడింది. యాడుండావు?"

"గొంతు తగ్గించు" అన్నాడు సదర్ సాబ్, కుర్చీలోంచి లేస్తూ. "బిస్మిల్లా రాసున్న కాయితం పట్టుకుని రోడ్డు మీద అరస్తావా? పాపం కాదా?"

"అదే సదర్ సాబ్, సరిగ్గా చెప్పినావు. ఆ పేరుందనే కదా మేమందరం నోరు మూసుకున్నాం."

కత్తెర తీసింది. మంది ఒక్కసారిగా గేటు దగ్గరికి తోసుకొచ్చారు. "వద్దక్కా", "తౌబా, తౌబా" అని అరుపులు. పీర్ సాహెబ్ కట్ల చేతులు రెండూ అడ్డం పెట్టి ఆమె ముందు నిలబడ్డాడు. ఆమెది ఎన్ని వందల పరుపులకు గుడ్డ కోసిన చెయ్యి! ఆకుపచ్చ గీత కింద కత్తెర పెట్టి, ఈ చివర నుంచి ఆ చివరకు తిన్నగా కోసింది.

పై ముక్కను కళ్లకద్దుకుని, మొగుడి చొక్కా జేబులో పెట్టింది. కింది ముక్కను గేటు ఊచల మధ్య నుంచి చెయ్యి చాపి బల్ల మీద పడేసింది.

"పైది అల్లాది. అది మా ఇంట్లో ఉంటాది. ఇది నీది. ఇక నించి ఇది ఒక్కటే పట్టుకుని తిరుగు. ఎంతమంది సంతకం పెడతారో చూస్తా."

బల్ల మీద ఆ ముక్క పడి ఉంది. పైన ఏమీ లేకపోయేసరికి అది ఏమిటో అందరికీ కనబడింది. అంగళ్లలో ఇచ్చే రసీదుకున్న పాటి విలువ కూడా దానికి లేదు. వరసలో ముందున్న ముసలాయన పెన్ను బల్ల మీద పెట్టేశాడు. వెనకనుంచి ఎవరో, "అక్కా, మా ఇంట్లో ఉండేది కూడా ఇదేనా? గుడ్డలో కట్టిపెట్టినాం, విప్పలా" అన్నారు. ఇంకొకరు, "మేమూ అంతే" అన్నారు. అందరూ అంతే.

అర్మాన్ కాగితాలు సర్దుకోవడం మొదలుపెట్టాడు. సదర్ సాబ్ అతని చెయ్యి పట్టుకుని ఉర్దూలో ఏదో గట్టిగా అడిగాడు. అర్మాన్ చెయ్యి విడిపించుకుని, "మీరు చూశాకే కదా భాయ్ బల్ల వేయమన్నారు" అని తెలుగులో, అందరికీ వినబడేలా అన్నాడు.

మంది సదర్ సాబ్ వైపు తిరిగారు. ఆయన మొహం పాలిపోయింది.

"నేను చదవలా" అన్నాడు. తర్వాత ఇంకా మెల్లగా, "నాకు తెలుగు చదవడం రాదు" అన్నాడు.

పదేళ్ల బాకీ నవ్వు తీర్చుకోవడానికి అంతకంటే మంచి సమయం దొరకదు. జమాల్‌బీకి నవ్వు రాలేదు. మెషీను కళ్లముందు తిరిగింది, పళ్లన్నీ కాలి నల్లబడిన రోలరు. ఈయనకు తెలుగు చదవడం రాదని చెప్పడానికి సిగ్గు, తనకు ఉర్దూ రాదని సిగ్గు. ఇద్దరి సిగ్గు మధ్యలోంచి ఒకడు లాల్చీ నలక్కుండా నడిచి వెళ్లిపోతున్నాడు.

"నన్ను పిలిచుంటే చదివి పెట్టేదాన్ని సదర్ సాబ్. మా ఇల్లు మసీదుకి నాలుగిళ్ల అవతలే కదా" అంది. అని, వెనక్కి తిరిగింది.

ఆ మధ్యాహ్నం బిట్రగుంటలో ముప్పై ఇళ్లలో ముప్పై ఆకుపచ్చ గుడ్డలు విప్పారు. సాయంత్రం దాకా ఆమె గుమ్మం ముందు కాగితాలు పట్టుకుని జనం. ఎవరినీ తిట్టకుండా చదివి పెట్టింది ఆరోజు. తిట్టే అర్హత తనకెక్కడిది? పోలీసు స్టేషనుకు పోదామని కొందరు, నెల్లూరు కలెక్టరాఫీసుకు పోదామని కొందరు. అందరి తరఫున అర్జీ ఆమే రాసింది. దానికి పైన ఏ దేవుడి పేరూ పెట్టలేదు. అర్మాన్ ఫోను అప్పటికే మోగడం మానేసింది.

శనివారం పొద్దున షమా మళ్లీ వచ్చింది. కొట్టు ముందు, వేపచెట్టు నీడలో చాప పరిచి ఉంది. అటక మీద నుంచి దింపిన మామగారి విల్లు పట్టుకుని జమాల్‌బీ దూది ఏకుతోంది. ఆ పని ఆ ఇంటి ఆడవాళ్లు ఎప్పుడూ చేయలేదు. నారి అదిరి, దూది ముక్కలు ఎగిరి మొహాన పడుతున్నాయి. పీర్ సాహెబ్ పక్కన కూర్చుని, "ఇంకొంచెం వదులుగా పట్టుకో మే" అని నోటితో నేర్పుతున్నాడు. చిన్నపోలయ్య పంపిన దూది అది. ప్రతి పిడికెడూ చేత్తో తడిమి, గాలాలు లేవని చూసి మరీ పంపించాడు. మెషీనుకు గంట పట్టే పని, విల్లుకు రెండు రోజులు.

"సర్వేలో చివరి ప్రశ్న మిగిలిపోయింది ఆంటీ" అంది షమా, ముడుచుకుని కూర్చుంటూ. "అడగమంటారా?"

"అడుగు."

"మత నియమాల ప్రకారం నడిచే బీమా రేపు నిజంగా వస్తే మీరు తీసుకుంటారా? తప్పకుండా, ఆలోచిస్తాను, తీసుకోను."

విల్లు ఆగింది. కోపంగా వద్దంటుందనుకున్నారు ఇద్దరూ.

"తప్పకుండా అని రాసుకో. ఎందుకు తీసుకోను? ఒకడు మోసం చేసినాడని నా ఇంటికి నిప్పు భయం పోయిందా, నాకు దేవుడి భయం పోయిందా? రెండూ ఉండాయి. కావాల మాకు. గట్టిగా కావాల అని రాయి. దాని కింద ఇంకో మాట రాయి."

"రాయడానికి ఇందులో చోటు లేదు ఆంటీ. మూడిట్లో ఒకటి నొక్కడమే."

"చోటు లేకపోతే చేసుకో. ఆ కాయితం మీద అల్లా పేరు వేయొద్దని రాయి. ఆ పేరు మేం మా ఇంట్లో, మా నోటితో చెప్పుకుంటాం. దాని బదులు, మునిగినప్పుడు ఎవడు తీస్తాడో వాడి పేరు వేయమను. పైనే వేయమను, తెలుగులో, పెద్ద అక్షరాలతో."

షమా ఫోను ఆపి పక్కన పెట్టి, సంచిలోంచి పెన్ను తీసింది.